విమాన భయం - ఒక పరిశీలన

విమానం ఎక్కడానికి భయమని మనలో ఎవరూ పైకి చెప్పరు. పామంటే భయమని చెబుతారు, పరీక్షలంటే భయమని చెబుతారు, ప్రిన్సిపాలుగారి గదంటే భయమని నవ్వుతూనే చెబుతారు. విమానం దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేరే కారణాలు వెతుక్కుంటారు. "కోతలు దగ్గర పడుతున్నాయి", "గేదె ఈనబోతోంది", "ఇల్లు తాళం పెట్టి అన్ని నెలలు ఎలా వస్తాం?" - విదేశంలో ఉన్న కూతురు పురిటికి రమ్మంటే మా వైపు తల్లులు చెప్పే జవాబులివి. కోతలూ నిజమే, గేదే నిజమే. కాని చాలా ఇళ్ళలో వాటి వెనకాల ఇంకొకటి దాక్కుని ఉంటుంది. ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థుల్లో దూరదేశాల్లో ఉన్నవారికి ఈ జవాబులు కొత్త కాకపోవచ్చు.

ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. నక్షత్రాల మధ్య ప్రయాణాలను కథలుగా రాసిన ఐజాక్ అసిమోవ్ జీవరసాయన శాస్త్రంలో ప్రొఫెసరు. ఆయన జీవితం మొత్తంలో విమానం ఎక్కింది రెండేసార్లు. గెలాక్సీలు దాటించిన మనిషి నేల మీద మాత్రం రైళ్ళనూ, నీటి మీద ఓడలనూ నమ్ముకున్నాడు. కనుక ఇది చదువు లేనివారికి వచ్చే భయమని ఎవరైనా అంటే నమ్మనక్కర లేదు.

నేను ఈ విషయం గురించి చదవవలసిన అవసరం 2025లో వచ్చింది. మా అక్క టెక్సాసులో ఉంటుంది. అక్టోబరులో పురుడు. అక్కకు అత్తగారు లేరు. వెళ్ళగలిగింది అమ్మ ఒక్కతే. అమ్మ సరేనన్నది, పాస్‌పోర్టు వచ్చింది. ఇంతలో జూన్ 12న అహమదాబాదులో లండన్‌కు బయల్దేరిన విమానం నిమిషం కూడా ఎగరకుండానే కూలిపోయింది. విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కరే బతికారు. కింద ఉన్నవాళ్ళు 19 మంది పోయారు. టీవీలో రోజంతా అదే దృశ్యం. మర్నాటి నుంచి మా ఇంట్లో గేదె ఈనబోయే సంగతి మొదలైంది.

ఇలాంటి చోట అందరూ లెక్కలు చెబుతారు. లెక్కలు అవసరమే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మందని కేంద్ర రవాణా శాఖ నివేదిక. అంటే సగటున రోజుకు 460 మందికి పైగా. వీళ్ళు ఒక్కొక్కరుగా, ఒక్కో ఊళ్ళో పోతారు గనుక జిల్లా ఎడిషనులో నాలుగు వరసల వార్త అవుతారు. విమానం కూలితే దేశమంతా ఒకేసారి చూస్తుంది. సులువుగా గుర్తుకొచ్చే సంఘటనను మనసు తరచుగా జరిగే సంఘటనగా లెక్క వేసుకుంటుందని ట్వెర్‌స్కీ, కానెమన్ అనే మనోవైజ్ఞానికులు 1973లోనే వివరించారు.

ఈ పొరపాటు లెక్కకు ఖరీదు కూడా ఉంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాలో చాలామంది విమానాలు మానేసి కార్లలో ప్రయాణం చేశారు. దానివల్ల తర్వాతి పన్నెండు నెలల్లో రోడ్ల మీద అదనంగా సుమారు 1,500 మంది చనిపోయారని గెర్డ్ గిగెరెంజర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు అంచనా కట్టాడు. భయం కూడా మనుషుల్ని చంపగలదన్నమాట.

ఇదంతా విని అమ్మ అన్నది ఒకే మాట: "రోడ్డు మీదయితే దిగిపోవచ్చు కదరా."

నా దృష్టిలో ఈ ఒక్క వాక్యంలో విమాన భయం సగం ఉంది. మనకు భయం ప్రమాదాన్ని బట్టి రాదు, మన చేతిలో ఏముందన్న దాన్ని బట్టి వస్తుంది. మా నాన్న వర్షాకాలంలో జారే గట్టు మీదుగా ట్రాక్టరు దించుతాడు, చెయ్యి వణకదు. అదే నాన్న బస్సులో ముందు సీటులో కూర్చుంటే కడ్డీ వదలడు. ట్రాక్టరు కంటే బస్సు ప్రమాదమని కాదు, స్టీరింగు తన చేతిలో లేదని.

మిగిలిన సగం "కింద ఏమీ లేదు" అన్న భావన. ఇక్కడ భౌతికశాస్త్రం పనికొస్తుంది. రెక్క పైభాగం వంపుగా ఉంటుంది గనుక పైనుంచి పోయే గాలి, కింద పోయే గాలితో సమానంగా అవతలి అంచుకు చేరడానికి తొందరపడుతుందని కొన్ని పుస్తకాల్లో ఇంకా రాస్తారు. అది తప్పు. రెండు గాలులూ ఒకేసారి చేరాలన్న నియమం ఎక్కడా లేదు. పైగాలి వేగంగా పోయేమాట, అక్కడ పీడనం తగ్గేమాట నిజమే. కారణం మాత్రం అది కాదు. తేలిగ్గా చెప్పాలంటే, రెక్క తన మీదుగా పోయే గాలిని కిందికి మళ్ళిస్తుంది, ఆ గాలి రెక్కను పైకి నెడుతుంది. న్యూటన్ మూడవ సూత్రం. బస్సు కిటికీ దగ్గర చెయ్యి కాస్త వాలుగా పెట్టినవారికి ఇది తెలిసిన సంగతే.

సూత్రం చెబితే అమ్మకేం తెలుస్తుంది? కాని అమ్మది కోనసీమ. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను ఆమె చూసింది. కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా లేచిపోవడం, ఇంటి రేకులు కాగితాల్లా ఎగిరి ఎవరి పొలంలోనో పడటం ఇప్పటికీ చెబుతుంది. గాలికి ఉన్న బలం గురించి ఆమెకు నేను కొత్తగా చెప్పవలసిందేమీ లేదు. చెప్పింది ఒకటే: గాలి మన మీదికి వచ్చినా, మనం గాలిలోకి దూసుకుపోయినా రెండూ ఒకటే. పెద్ద విమానం రన్‌వే మీద గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగం అందుకుని లేస్తుంది. అమ్మ కొంచెంసేపు ఆలోచించి, "అయితే తుఫానుని వాళ్ళే పుట్టించుకుని దానిమీద ఎక్కుతారన్నమాట" అంది. ఇంతకంటే బాగా చెప్పిన పాఠ్యపుస్తకం నేను చూడలేదు.

ఇంజన్లు ఆగితే రాయిలా పడిపోతుందా? పడదు. ఎత్తును ఖర్చుపెట్టుకుంటూ గ్రద్దలా జారుతూ వస్తుంది. 2001 ఆగస్టు 24న ఎయిర్ ట్రాన్సాట్ విమానానికి అట్లాంటిక్ సముద్రం మీద ఇంధనం కారిపోయి రెండు ఇంజన్లూ ఆగాయి. 19 నిమిషాలపాటు, దాదాపు 120 కిలోమీటర్లు ఇంజను లేకుండా జారుకుంటూ వచ్చి అజోర్స్ దీవుల్లో దిగింది. 306 మందీ బతికారు. ఒక ఇంజను మాత్రమే ఆగితే రెండోదానితో ఎగురుతూ వెళ్ళి దిగేటట్లు జెట్ విమానాలను రూపొందిస్తారు.

ఇక శరీరం ఇచ్చే తప్పుడు వార్తల సంగతి. విమానం లేచిన కొద్దిసేపటికి ఇంజన్ల హోరు తగ్గుతుంది, కడుపులో ఏదో జారినట్లుంటుంది. చాలామంది "అయిపోయింది, పడిపోతున్నాం" అనుకునే క్షణం ఇదే. నిజానికి పైలట్లు ఇంజను బలం కొంత తగ్గిస్తారు, విమానం ఇంకా పైకే పోతూ ఉంటుంది. మన లోపలి చెవికి వేగం తెలియదు, వేగంలో మార్పు ఒక్కటే తెలుస్తుంది. పైకి పోయే వేగం తగ్గితే అది కిందికి పోవడమని చెవి పొరబడుతుంది. దీనికి ప్రయోగశాల అక్కర లేదు. నాలుగంతస్తుల భవనంలో లిఫ్టు ఎక్కి, పై అంతస్తు రాబోయే ముందు ఏమనిపిస్తుందో గమనిస్తే చాలు.

చప్పుళ్ళూ అంతే. లేచిన వెంటనే కింద దబ్బుమనేది చక్రాలు లోపలికి మడుచుకోవడం. రెక్కల దగ్గర కీచుమనేది వాటి వెనక పలకలు కదలడం. ఎయిర్‌బస్ 320 రకంలో నేల మీద ఉండగా కుక్క మొరిగినట్లు ఒక శబ్దం వస్తుంది. అది ఒక హైడ్రాలిక్ పంపు. పేరు తెలిసిన చప్పుడుకి గుండె అంతగా అదరదు. అర్ధరాత్రి పెరట్లో చప్పుడైతే, అది కొబ్బరిమట్ట పడటమని తెలిసినవాడు మళ్ళీ పడుకుంటాడు.

కుదుపుల విషయంలో మాత్రం నిజం పూర్తిగా చెప్పాలి. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం తీవ్రమైన కుదుపులో అయిదు సెకన్ల లోపే 178 అడుగులు దిగింది. బెల్టు పెట్టుకోనివారు పైకప్పుకి కొట్టుకున్నారు, చాలామందికి దెబ్బలు తగిలాయి, ఒక ప్రయాణికుడు చనిపోయాడు. విమానం మాత్రం బ్యాంకాకులో మామూలుగా దిగింది. కుదుపు విమానాన్ని విరిచేయడం కంటే మనిషిని సీటులోంచి విసిరేయడం గురించే మనం జాగ్రత్తపడాలి. అందుకే కూర్చున్నంతసేపూ బెల్టు ఉండాలి. రెక్కల బలం గురించి బెంగ వద్దు. 2010లో బోయింగ్ 787 రెక్కలను, ఎగిరేటప్పుడు పడవచ్చని అంచనా వేసిన అత్యధిక బరువుకి ఒకటిన్నర రెట్లు వేసి పరీక్షించారు. అవి సుమారు 25 అడుగులు పైకి వంగాయి, విరగలేదు. వంగేది కాబట్టే నిలిచింది. తాటిచెట్టు గాలికి ఊగడం చూసి మనం భయపడం గదా.

ఇన్ని తెలిసినా చెమట ఆగకపోవచ్చు. ఎందుకంటే శరీరం వ్యాసాలు చదవదు. ప్రమాదమని మెదడు ఒకసారి అనుకుంటే అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, శ్వాస పైపైన ఆడుతుంది. అలా గబగబా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడు తగ్గి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. దాన్ని చూసి "నాకేదో అవుతోంది" అని భయం ఇంకా పెరుగుతుంది. ఈ గొలుసును శ్వాస దగ్గర తెంచవచ్చు. నాలుగు లెక్కించేలోగా పీల్చి, ఆరు లెక్కించేలోగా వదలాలి. అమ్మ అంకెలు తీసేసి గోవింద నామాలు పెట్టుకుంది. పనిచేసింది.

శరీరానికి పాఠం చెప్పే పద్ధతి ఒకటే, అలవాటు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే పరిశోధకురాలు కుందేలంటే హడలిపోయే పీటర్ అనే మూడేళ్ళలోపు పిల్లవాడికి, ఇష్టమైనది తినిపిస్తూ కుందేలు పంజరాన్ని రోజుకి కొంత దగ్గరగా జరిపింది. చివరికి వాడు కుందేలుని నిమిరాడు. 1950లలో జోసెఫ్ వోల్పే దీన్ని చికిత్సగా మలిచాడు. తక్కువ భయం కలిగించేది ముందు, ఎక్కువది తర్వాత. ప్రతి మెట్టు మీదా భయం కొంత దిగేదాకా నిలబడాలి, మధ్యలో పారిపోతే పారిపోవడమే అలవాటవుతుంది.

మేము చేసింది ఇదే. మొదట అమ్మను దేనికి భయమో ఒక్కొక్కటిగా చెప్పమన్నాను. ఇది అందరికీ ఒకేలా ఉండదు. కొందరికి తలుపు మూయడం, కొందరికి సముద్రం. అమ్మ చెప్పినవాటిలో సగం విమానానికి సంబంధించినవి కావు: అమెరికాలో దిగాక ఇంగ్లీషులో ఏదైనా అడిగితే ఏం చెప్పాలి, మరుగుదొడ్డి తలుపు లోపల పడిపోతే ఎవరిని పిలవాలి. వాటికి భౌతికశాస్త్రం అక్కర లేదు, నాలుగు వాక్యాలు రాసిన కాగితం చాలు. తర్వాత రాజమండ్రి దగ్గర మధురపూడి వెళ్ళి విమానాశ్రయం బయట నిలబడి విమానాలు దిగడం, లేవడం చూశాం. ఆ తర్వాత వారంరోజులు సెల్‌ఫోనులో విమానం లోపలి చప్పుళ్ళు వినడం. వీసా ఇంటర్వ్యూకి హైదరాబాదు వెళ్ళవలసి వచ్చినప్పుడు రైలు మానేసి విమానంలో వెళ్ళాం. నాకూ అదే మొదటిసారి. ఆషాఢ మేఘాల్లో చిన్న విమానం బాగానే ఎగిరెగిరి పడింది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది, నేను సీటు చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం గోవింద నామాలే లెక్కపెట్టాం.

మాత్ర వేసుకుని నిద్రపోతే సరిపోతుంది గదా అని కొందరు మిత్రులు అడిగారు. 1997లో విల్‌హెల్మ్, రోత్ అనేవారు చేసిన పరీక్షలో ఆల్ప్రజోలాం మాత్ర వేసుకున్నవారికి మొదటి ప్రయాణం హాయిగానే జరిగింది, మాత్ర లేకుండా చేసిన రెండవ ప్రయాణంలో మాత్రం మొదట్లో మాత్ర వేసుకోనివారికంటే భయం ఎక్కువైంది. భయం కలగకపోతే శరీరం నేర్చుకునేదేమీ ఉండదు మరి. ఎవరికైనా తప్పనిసరి అయితే డాక్టరు చెప్పినట్లు చేయాలి తప్ప పక్కింటివాళ్ళ మాత్ర తీసుకోకూడదు.

అమ్మ సెప్టెంబరులో వెళ్ళింది, పక్క ఊరివాళ్ళ తోడుతో. రెక్కల దగ్గర సీటు తీసుకున్నాం, వెనకవైపు కంటే అక్కడ ఊపు తక్కువ. మొదటిసారి దూరప్రయాణమని ఎయిర్ హోస్టెస్‌కి ముందే చెప్పించాం. ఆమె రెండుసార్లు వచ్చి పలకరించిందట. సముద్రం మీద ఒకచోట గంటసేపు కుదుపులట. "భయం పోయిందా?" అని ఫోనులో అడిగాను. "పోలేదు, ఉన్నా కూర్చున్నాను" అంది. అక్కకి ఆడపిల్ల పుట్టింది.

చాలాకాలం ఎగరకుండా ఉంటే తగ్గిన భయం మళ్ళీ తిరిగి రావడం మామూలేనట. అందుకని తిరిగి వచ్చేటప్పుడు హైదరాబాదు నుంచి రాజమండ్రికి గోదావరి ఎక్స్‌ప్రెస్ కాకుండా విమానానికే టికెట్టు తీశాం.