తీగ మంత్రాన్ని మార్చి రాద్దాం

పిల్లలూ! పందిరి మీది కాకర తీగను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఆకుల పక్కనుంచి సన్నని దారాల్లాంటివి బయలుదేరి, అందిన పుల్లనల్లా చుట్టేసుకుంటాయి. వాటిని నులితీగలు అంటారు. ఈసారి ఆ నులితీగలతో ఒక మంత్రం తయారు చేద్దాం. సైన్సు పత్రికలో మంత్రాలేమిటని కంగారు పడకండి. ఇది ఆటలోని మంత్రం.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను తెచ్చారు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారిలో ఒకరు వీరుడు, ఒకరు మాంత్రికుడు, ఇంకొకరు దొంగ. ‘నేను కోట గోడ ఎక్కుతాను’ అని ఒకరంటే, ఎక్కగలిగాడో లేదో పాచిక తేలుస్తుంది. ఆ పాచికకు 6 కాదు, 20 ముఖాలుంటాయి. (అది దొరక్కపోతే 1 నుంచి 20 వరకు చీటీలు రాసి డబ్బాలో వేసుకోండి. తీసిన చీటీని మళ్ళీ డబ్బాలో వేయడం మాత్రం మరవకండి.)

ఈ ఆటలో డ్రూయిడ్ అనే పాత్ర ఉంది. పూర్వం గాల్, బ్రిటన్ ప్రాంతాల్లో కెల్టు జాతుల పూజారులను ఆ పేరుతో పిలిచేవారు. ఆటలోని డ్రూయిడ్ ప్రకృతి మంత్రాలు చదువుతాడు. వాటిలో ఒకటి ‘ఎంటాంగిల్’, అంటే చిక్కుల్లో బిగించడం. 2014 నాటి నియమాల ప్రకారం, మంత్రం చదవగానే 20 అడుగుల చదరంలో గడ్డీ తీగలూ లేచి అక్కడున్నవారిని పట్టుకుంటాయి. పట్టుబడినవాడు తన వంతు వచ్చినప్పుడు పాచిక వేసి విడిపించుకోవాలి. ఒక్కో వంతు 6 సెకన్లు. మంత్రం 1 నిమిషం, అంటే 10 వంతులు నిలుస్తుంది.

ఇందులో నాకు నచ్చనిది ఒకటుంది. గడ్డి అయినా, తీగ అయినా ఒకేలా పట్టుకుంటాయి. మొక్క స్వభావం ఎక్కడా కనిపించదు. మన కథ కూరపాదుల మధ్య జరుగుతుంటే మంత్రం కూడా కాకరలా ప్రవర్తించాలి గదా! అందుకని ముందు నులితీగ నిజంగా ఏం చేస్తుందో తెలుసుకోవాలి.

చార్లెస్ డార్విన్ జబ్బుపడి గది దాటలేని రోజుల్లో కుండీలో ఒక తీగను పక్కనే పెట్టుకుని దాని కదలికలు గమనించారు. పాకే మొక్కల మీద ఆయన పుస్తకం 1875లో వెలువడింది. పాసిఫ్లోరా జాతి తీగ ఒకదాన్ని (మన రాఖీ పువ్వు తీగ దీని చుట్టమే) సన్నని పుల్లతో తాకితే, సుమారు అర నిమిషానికి నులితీగ కొన వంగడం కనిపించింది. ఒకసారి 25 సెకన్లకే వంగింది. తాకిన వైపు కన్నా ఎదుటి వైపు ఎక్కువగా పెరగడం వల్ల నులితీగ ఇలా చుట్టుకుంటుంది. దీన్ని స్పర్శానువర్తనం అంటారు. ఆధారం దొరికాక నులితీగ స్ప్రింగులా మెలిదిరిగి మొక్కను దగ్గరకు లాగుతుంది, క్రమంగా గట్టిపడుతుంది. కాస్త తాకి వదిలేస్తే మాత్రం కొంతసేపటికి మళ్ళీ నిటారవుతుంది.

1885లో జర్మన్ శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ ఫెఫర్ ఇంకో వింత చెప్పారు. నీళ్ళు పడినా, తడి జెలటిన్ పూసిన గాజుకడ్డీతో రాసినా నులితీగ వంగదు. దానికి గరుకుదనం తగలాలి. లేకపోతే ప్రతి వాన చినుక్కీ ఉలిక్కిపడి చుట్టుకుపోయేది కాబోలు!

ఇక మంత్రం రాద్దాం. మొదటి వంతులో తీగలు తాకుతాయి, అంతే. ఆ వంతులోనే బయటికి నడిచినవాడికి పాచిక అక్కర్లేదు. ఆటలో మనిషి వంతుకు 30 అడుగులు నడుస్తాడు, చిక్కటి తీగల్లో 15. చదరం నడిమధ్యనుంచి అంచు 10 అడుగులే కనుక ఎవరైనా బయటపడవచ్చు. కాని నిలబడి కత్తి తిప్పుతానంటే చిక్కుతాడు. రెండో వంతులో విడిపించుకోవడానికి పాచికపై 13 గాని అంతకు మించి గాని పడాలి. మూడో వంతులో 15, నాలుగో వంతులో 17. మెలి బిగుస్తోంది మరి!

ఇది న్యాయమేనా? లెక్క వేద్దాం. 13 కావాలంటే, 1 నుంచి 12 వరకు ఏది పడినా ఓటమే. అంటే 20లో 12. ఎప్పుడూ 13 చాలనే పాత పద్ధతిలో మూడుసార్లూ ఓడే అవకాశం 12/20 × 12/20 × 12/20. వెయ్యిమందిలో సుమారు 216 మంది. మన పద్ధతిలో 12/20 × 14/20 × 16/20. వెయ్యికి 336. నేను మొదట 13, 16, 19 అని రాసుకున్నాను. లెక్కిస్తే 405 వచ్చింది! మంత్రం రాసినవాడికి అది బాగానే ఉంటుంది. కాని చిక్కిన స్నేహితుడు వంతు వెంట వంతు ఊరికే కూర్చోవాలి. అలా రెండుసార్లయితే మూడోరోజు ఆటకు రాడు. అందుకే తగ్గించాను. 336 కూడా ఎక్కువే, కాని ముందే పారిపోయే దారి ఇచ్చాం గదా.

ఇంకో దారి కూడా ఉంది. ఫెఫర్ గాజుకడ్డీలాగా, ఒంటికి తడి కలబంద గుజ్జు పూసుకున్నవాణ్ణి తీగలు పట్టవని రాయండి. ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా కాగితం మడిచి కథ నడిపేవాడి దగ్గర ఉంచండి. ఎవరికి తడుతుందో చూద్దాం.

మంత్రం కోసం డార్విన్ అంకెనే వాడాలనేమీ లేదు. కాకర లేత నులితీగను కొన దగ్గర, వంగి ఉన్న లోపలి వైపు, పెన్సిలు మొనతో మెల్లగా పదిసార్లు రాయండి. గడియారం చూస్తూ ఉండండి. వంగడం మొదలవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఆ అంకెను 6తో భాగించండి. తీగలు ఊరికే తాకుతూ ఉండే వంతులు ఎన్ని ఉండాలో వస్తుంది. అన్ని వంతులు ఇస్తే మంత్రానికి ఎవరైనా చిక్కుతారా? మళ్ళీ లెక్క వేసి చూడండి.