కతెయూర బాలబాలికల వాద్యబృందము

దక్షిణ అమెరికా ఖండమున సముద్రతీరము లేని దేశములు రెండే కలవు. అందొకటి పరాగ్వే. దాని ముఖ్యపట్టణమగు అసున్సియోన్ నది యొడ్డున నున్నది. ఆ పట్టణపు చెత్త యంతయు బహుకాలముగా నదీతీరమునందలి కతెయూర యను తావునకు చేరుచు వచ్చినది. ఆ గుట్టల ప్రక్కనే వందలకొలది కుటుంబములు కాపురముండి, అట్టలును, రేకులును, ప్లాస్టిక్కు సామానును ఏరి అమ్ముకొని జీవించుచు వచ్చినవి. కొక్కెముతో చెత్తను కెలకుదురు గనుక వారిని స్పానిషు భాషలో గాంచేరోలని పిలుతురు. గాంచో యనగా కొక్కెము. తెల్లవారకమునుపే గోనెసంచి భుజమున వేసికొని మన వీధులలో తిరుగువారిని ఎరిగిన విద్యార్థులకు ఈ వృత్తినిగూర్చి మేము విస్తరించి చెప్పనక్కరలేదు.

ఈ తావున పుట్టిన బాలబాలికల వాద్యబృందమొకటి అనేక దేశములలో సభలు చేసినది. దానినిగూర్చి 2015వ సంవత్సరమున చలనచిత్రము వెలువడినది. చెత్తలో దొరికిన వస్తువులతో చేసిన వాద్యములను ఈ పిల్లలు వాయింతురన్న మాటయే లోకమును ఆకర్షించెను. రేకు ఫిడేలు వింతయే, కాదనము. కాని వింత యొక సాయంకాలము నిలుచును; పిల్లవాడు ఫిడేలు నేర్చుకొనుటకు ఏండ్లు పట్టును. ఆ యేండ్లను ఎవరు మోసిరో తెలిసికొనుట పాఠశాలవారికి ఎక్కువ ప్రయోజనకరమని మాకు తోచినది.

ముందుగా చెప్పదగినవాడు లూయిస్ సరాన్. ఆయన అసున్సియోన్ నగర వాద్యబృందమునకు నాయకుడుగా పనిచేసినవాడు. పరాగ్వే దేశమున సంగీతవిద్యకు పాత చరిత్ర యున్నది. పదునేడు, పదునెనిమిది శతాబ్దములలో జెసూయిట్ గురువులు గ్వారానీ జనులమధ్య గ్రామములు స్థాపించి, అందు వారికి గానమును, వాద్యములను నేర్పిరి. గ్వారానీ పనివారు తామే ఫిడేళ్లు, ఆర్గనులు చేయగలిగిరి. 1767లో స్పెయిను రాజు ఆ గురువులను తన రాజ్యములనుండి వెళ్లగొట్టగా ఆ గ్రామములు క్షీణించినవి. ఆ కాలపు సంగీతమును వెదకి వెలికితీయుటలో సరాన్ చాల శ్రమపడెను. అట్టివాడు 2002లో 'భూమి నాదములు' అను అర్థమిచ్చు పేరుతో గ్రామములందలి పిల్లలకు సంగీతము నేర్పు సంస్థనొకదానిని స్థాపించెను. రాజధానిలోని ధనికుల బిడ్డలకే పరిమితమైయున్న విద్యను ఊరూరికి చేర్చుట దాని యుద్దేశము.

ఆ సంస్థతో సంబంధముగలవాడే ఫావియో చావెస్. ఈయన వృత్తిచేత సంగీతోపాధ్యాయుడు కాడు. పరిసరముల పారిశుద్ధ్యమునకు సంబంధించిన విద్య నేర్చినవాడు. 2006లో చెత్త నేరువారికి తోడ్పడు పనిమీద కతెయూరకు వచ్చెను. తలిదండ్రులు గుట్టలపై పనిచేయునపుడు పిల్లలు ఆ దరినే ఆడుకొనుచుండుట చూచి, వారికి సంగీతము నేర్పబూనెను. అంతకుమునుపు తన ప్రాంతమున బాలుర బృందమొకదానిని నడపిన యనుభవ మాయనకు కలదు.

పిల్లలు త్వరలోనే వాద్యములకంటె ఎక్కువైరి. కొన్నవి చాలలేదు, కొన ధనము లేదు. ధనమున్నను మరియొక చిక్కు కలదు. ఆ పేటలో ఫిడేలు వెల ఇంటి వెలకంటె ఎక్కువయని చావెస్ చెప్పుచుండెను. అంత వెలగల వస్తువును ఆ గుడిసెకు పంపుట యెట్లు? దొంగ యెత్తుకొనిపోవచ్చును, కష్టకాలమున ఇంటివారే అమ్ముకొనవచ్చును. ఇంటికి పంపకున్న సాధన లేదు. సాధన లేని పాఠము వారమంతయు నిలువదని సంగీతము నేర్పినవారందరు నెరుగుదురు.

ఈ చిక్కును విప్పినవాడు నికొలాస్ గోమెస్ అను వడ్రంగి. ఆయనయు చెత్త నేరి జీవించువాడే. చావెస్ కోరగా గుట్టలలో దొరికిన రేకులతోను, కర్రలతోను ఫిడేలు చేయ ప్రయత్నించెను. మొదట చేసినవి చక్కగా పలుకలేదు. ఏల పలుకలేదో విద్యార్థులు గ్రహింపవలయును.

కమానుతో తంతిని రాచినపుడు తంతి కంపించును. కాని సన్నని తంతి గాలిని కొంచెముగానే కదల్పగలదు గనుక దాని ధ్వని వినబడీ వినబడనట్లుండును. ఆ కంపనము గుర్రము మీదుగా పై పలకకు దిగి, పలకయు, పెట్టెలోని గాలియు కలసి కదలినపుడే నాదము గది నిండును. మంచి ఫిడేలున పై పలక స్ప్రూసు కర్రతో చేయుదురు. అది దేవదారు కుటుంబములోనిది, తేలికయు బిగువును గలది. రేకు మోగునుగాని దాని మోత వేరు. అంతేకాక, శ్రుతిచేసిన నాలుగు తంతులును కలసి దండిని సుమారు 20 కిలోగ్రాముల బరువుతో లాగుచుండును. దండి రవంత వంగెనా, శ్రుతి పోవును. పాశ్చాత్య పద్ధతిలో ప్రతి తంతికిని దాని ప్రక్క తంతి పంచమము. అనగా కంపనముల సంఖ్య 2కు 3. మనవారు అదే ఫిడేలును షడ్జ పంచమములకు శ్రుతిచేసి, నేలపై కూర్చుండి వాయింతురు. పద్ధతి యేదైనను జారు బిరడాతో పాఠము సాగదు.

గోమెస్ చేసి, విప్పి, మరల చేసెను. రంగు డబ్బాలు, అల్యూమినియపు గిన్నెలు ఫిడేలు పొట్టలైనవి. తంతుల కొనలను పట్టియుంచుటకు ముళ్లచెంచా అమరినది. నూనెపీపా సెల్లో యను పెద్ద ఫిడేలైనది. దాని బిరడాలకు వంటయింటి పాత సామాను పనికివచ్చినది. వాననీటి గొట్టముతో సాక్సోఫోను చేసి, మీటలుగా నాణెములును, సీసామూతలును అమర్చిరి. ఆసుపత్రులు పారవేసిన ఎక్సురే పలకలు డోళ్లకు చర్మములైనవి. ఆ నూనెపీపాపై ఒక బాలుడు బాఖ్ రచనను వాయించుచుండగా తీసిన చిత్రమును 2012 మొదలు లోకమంతట జనులు చూచిరి.

ఇట్టి ఫిడేలును ఎవరును దొంగిలింపరు. అమ్మబోయిన కొనువారును లేరు. కావున పిల్లవాడు నిర్భయముగ ఇంటికి కొనిపోయి సాధన చేయవచ్చును. రేకు ఫిడేలు గొప్పతనము మాకు ముఖ్యముగా ఇందే కనబడుచున్నది. రేకు కర్రకంటె మేలని గోమెస్ ఎన్నడును తలచియుండడు. పేదపిల్లల చేతిలో డబ్బాను చూచి ఆనందించుట వేరు, పేదపిల్లలకు పాఠము చెప్పుట వేరు. ఈ రెంటిని కలగలుపు ప్రేక్షకులు అన్ని దేశములందును కలరు.

తలిదండ్రులను మరువరాదు. చెత్త నేరు కుటుంబమున పదేండ్ల బిడ్డ రెండు చేతులు సంపాదనకు వచ్చును. ఆ చేతులకు ఫిడేలునిచ్చి గంటలకొలది కూర్చుండబెట్టుట యన్న ఆనాటి కూలి వదలుకొనుటయే. ఆ నష్టమును చావెస్ భరింపలేదు, గోమెస్ భరింపలేదు, ఇంటివారే భరించిరి. వారి పేరులు ఏ సభాపత్రములోను అచ్చుపడవు. మన పాఠశాలలోను కోతలకాలమున హాజరుపట్టీ చూచిన ఉపాధ్యాయులకు ఆ కూలి విలువ తెలియును.

2014లో మెటాలికా యను ప్రఖ్యాత అమెరికా వాద్యబృందము దక్షిణ అమెరికాలో సభలు జరుపగా, ఆ సభలలో ముందుగా ఈ పిల్లలు వాయించిరి. అదే సంవత్సరము పరాగ్వే నది పొంగి కతెయూర మునిగినది. మహాజనసమూహముచేత చప్పట్లు కొట్టించుకొన్న పిల్లలలో పలువురి కుటుంబములు ఇండ్లు విడిచి తాత్కాలికపు పాకలలో తలదాచుకొనవలసివచ్చెను. కీర్తి వరదకు అడ్డుకట్ట కాలేదు. తగ్గిన నీటి వెనుక బురదయు, మరల సాధనయు మిగిలినవి.

తాను విద్వాంసులను తయారుచేయబూనలేదని చావెస్ పలుమారు చెప్పియున్నాడు. నేర్చినవారందరును సంగీతముచేతనే జీవింపవలెనను నియమము లేదు. కాని బృందమున ఒక యేర్పాటు కలదు, అది మాకు మిక్కిలి నచ్చినది: ముందు నేర్చిన పెద్దపిల్లలు క్రొత్తగా వచ్చిన చిన్నవారికి నేర్పుదురు. గోమెస్ చేసిన వాద్యములలో కొన్ని అమెరికాలోని ఫీనిక్సు నగరపు వాద్యప్రదర్శనశాలకు చేరి, చూపరులకు నిలిచియున్నవి. చేయి తిరిగిన పిల్ల యొకతె చిన్నవాని ప్రక్కన కూర్చుండి, కమాను పట్టుకొను వ్రేళ్లను ఒక్కొక్కటిగా సరిచేయుటను మాత్రము ఆ ప్రదర్శనశాలలో చూపలేరు.