చేప పిల్లల్ని కుంటలో వదిలేటప్పుడు అరగంట ఓపిక పట్టండి

ఫామ్ పాండ్‌లో చేపలు వేద్దామనుకునేవాళ్లు ముందు ఈ వీడియో చూడండి. మొదటి ఏడాది నేను బొచ్చె, రోహు పిల్లలు తెచ్చి, మిట్టమధ్యాహ్నం కవర్లు కోసి నేరుగా కుంటలో పోసేశాను. మర్నాడు పొద్దున గట్టు పొడవునా తెల్లగా తేలాయి. సీడ్ మంచిది కాదని అమ్మినాయన్ని తిట్టుకున్నా. తప్పు నాదే.

కవర్లో నీళ్ల వేడి వేరు, కుంటలో వేరు. పీహెచ్ కూడా తేడానే. నాటిన నారు రెండు రోజులు వాడి తేరుకుంటుంది. చేప పిల్లకి ఆ గడువు ఉండదు.

ఇప్పుడు సాయంత్రం చల్లబడ్డాకే వదులుతున్నా. కవర్లు విప్పకుండా 15-20 నిమిషాలు కుంటలో తేలనిస్తా. తర్వాత మూతి విప్పి, కుంట నీళ్లు చెంబుతో కొంచెం కొంచెంగా పోస్తూ ఇంకో పది నిమిషాలు ఆగుతా. ఆఖర్న కవర్ నీళ్లలోనే పక్కకి వంచితే వాటంతట అవే ఈదుకుంటూ పోతాయి. ఎత్తి గుమ్మరించొద్దు.

మన ప్రకృతి రైతులు చేసే పొరపాటు ఇంకోటుంది. పేడే కదా అని ముందురోజు తట్టలకొద్దీ పచ్చి పేడ వేస్తారు. అది కుళ్లుతూ నీళ్లలో ఆక్సిజన్ లాగేస్తుంది, అమ్మోనియా పెంచుతుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ ఎటూ తక్కువే. పేడ వేసేదేదో రెండు వారాల ముందే వేయండి.

నీళ్ల మీద అనుమానముంటే, ముందు పది పిల్లల్ని కుంటలోనే దోమతెర సంచీలో కట్టి ఒక రోజు ఉంచండి. అన్నీ చురుగ్గా ఉంటేనే మిగతావి తెచ్చుకోండి.