తాగిన మైకంలో పోయిన ప్రాణాలు: బాధ్యత ఏ క్షణంలో మొదలవుతుంది?

2006 నవంబర్ 12, తెల్లవారుజాము. ముంబయిలోని కార్టర్ రోడ్డు. పేవ్‌మెంట్ మీద కూలీలు నిద్రపోతున్నారు. వేగంగా వచ్చిన ఓ కారు వాళ్ల మీదికి ఎక్కేసింది. ఏడుగురు చనిపోయారు, ఎనిమిది మంది గాయపడ్డారు. కారు నడిపిన యువకుడి రక్తంలో ఆల్కహాల్ 0.112 శాతం ఉన్నట్టు పరీక్షలో తేలింది. అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 112 మిల్లీగ్రాములు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములే.

ఆ కూలీలను చంపాలన్న ఉద్దేశం అతనికి లేదు. వాళ్లెవరో కూడా తెలియదు. ఇలాంటప్పుడు మనం సాధారణంగా వాడే మాట ఒకటుంది: ‘తాగిన మైకంలో జరిగిపోయింది’. ఆ క్రియలో చేసినవాడు కనిపించడు. అతన్ని వెతకాలంటే ముందు ఆల్కహాల్ శరీరంలో ఏం చేస్తుందో చూడాలి.

అర సెకను ఖరీదు

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 16.7 మీటర్లు. రోడ్డు మీద అడ్డం కనిపించాక బ్రేకు తొక్కడానికి మామూలు డ్రైవర్‌కు ఒక సెకను పడుతుందనుకుందాం. ఆలోగా బండి 16.7 మీటర్లు వెళ్లిపోతుంది. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులు వేగాన్ని సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గిస్తాయనుకుంటే, ఆగడానికి ఇంకో 20 మీటర్లు కావాలి. మొత్తం 37 మీటర్ల లోపే.

ఆల్కహాల్ మెదడులో నాడీకణాల మధ్య సంకేతాలను మందగింపజేస్తుంది. మత్తు వల్ల స్పందన అర సెకను ఆలస్యమైందనుకుందాం. బ్రేకు పడేసరికే బండి 25 మీటర్లు దాటుతుంది. 40 మీటర్ల దూరంలో ఒక పిల్లవాడు రోడ్డు దాటుతున్నాడనుకోండి. మొదటి డ్రైవర్ వాడికి మూడు మీటర్ల ముందే ఆగిపోతాడు. రెండో డ్రైవర్‌కు మిగిలింది 15 మీటర్లే. లెక్క వేస్తే, అతని బండి పిల్లవాణ్ని తాకేటప్పటికి ఇంకా గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది.

స్పందన మందగించడం కన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. మంచిచెడ్డలు బేరీజు వేసి, తొందరపాటును ఆపే మెదడు ముందుభాగం మీద మత్తు ప్రభావం తొందరగానే మొదలవుతుంది. కాలు తడబడకముందే విచక్షణ తడబడుతుంది. ‘నేను బాగానే ఉన్నాను’ అని తీర్పు చెప్పే భాగమే చెడిపోయినప్పుడు ఆ తీర్పును ఎలా నమ్మాలి?

కాఫీ, మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం ఏవీ మత్తును తొందరగా దించలేవు. ఆల్కహాల్‌ను విడగొట్టే పని ప్రధానంగా కాలేయానిది. అందులోని ఎంజైములు తమ శక్తి మేరకే పనిచేస్తాయి. క్యూ ఎంత పొడుగున్నా రేషన్ దుకాణంలో కాటా ఒక్కటే అన్నట్టు! రక్తంలో ఆల్కహాల్ గంటకు సుమారు 15 మిల్లీగ్రాములు తగ్గుతుంది. 112 నుంచి 30కి దిగాలంటే ఐదున్నర గంటలు కావాలి. అర్ధరాత్రి 180 ఉన్న మనిషి హాయిగా నిద్రపోయి ఉదయం ఏడింటికి ఆఫీసుకు బయల్దేరినా, 75 దగ్గర ఉంటాడు. హద్దుకు రెట్టింపు కన్నా ఎక్కువే.

‘తెలియక చేశాడు’ చెల్లుతుందా?

మత్తులో ఉన్నవాడికి విచక్షణ లేదన్న వాదన సైన్సు పరంగా నిజమే. కానీ అది అతన్ని కాపాడదు, ఎందుకంటే ఆ స్థితిని తెచ్చుకున్నది అతనే. మత్తుకు మూలం ఆ మనిషిలోనే ఉంది, తాగకుండా ఉండటం అతని చేతిలోనే ఉంది అని అరిస్టాటిల్ ఎప్పుడో వాదించాడు. మన చట్టం దారీ అదే. ఇష్టపూర్వకంగా తాగినవాడికి, తాగకుండా ఉంటే ఏ తెలివిడి ఉండేదో అదే ఉన్నట్టు లెక్కగడతారు. భారతీయ శిక్షాస్మృతిలో ఇది 86వ సెక్షన్. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 24వది.

కార్టర్ రోడ్డు కేసు మలుపులన్నీ ఈ ‘తెలివిడి’ చుట్టూనే తిరిగాయి. కింది కోర్టు దాన్ని నిర్లక్ష్యంగా చూసి ఆరు నెలల శిక్ష వేసింది. బొంబాయి హైకోర్టు 304వ సెక్షన్ రెండో భాగం కింద, అంటే ప్రాణాలు పోవచ్చని తెలిసి చేసిన పనిగా పరిగణించి మూడేళ్లు వేసింది. 2012లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేస్తూ, ఆ మూడేళ్లు కూడా చాలా తక్కువేనని, అయితే శిక్ష పెంచమని ప్రభుత్వం అప్పీలు చేయలేదు కనుక పెంచడం లేదని వ్యాఖ్యానించింది.

ఇక్కడ ఒక చిక్కు మిగిలే ఉంది. ఒకే విందులో ఇద్దరు మిత్రులు సమానంగా తాగి, సమానమైన వేగంతో ఇళ్లకు బయల్దేరారు. ఒకడి దారిలో పిల్లవాడు అడ్డొచ్చాడు, రెండోవాడి దారి ఖాళీగా ఉంది. మొదటివాడు జైలుకు వెళ్తాడు. రెండోవాడు మర్నాడు ‘అంత తాగినా ఎంత బాగా నడిపానో’ అని చెప్పుకుంటాడు. వీళ్ల మధ్య తేడా అదృష్టం ఒక్కటే. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నాగెల్ అనే తత్వవేత్తలు దీన్నే ‘నైతిక అదృష్టం’ అన్నారు. తాగి నడిపేవాడి ఉదాహరణను నాగెల్ కూడా వాడాడు.

పోయిన ప్రాణానికి చట్టం లెక్క చెప్పాలి కనుక శిక్షల్లో తేడా ఉండటం సమంజసమే. క్షేమంగా ఇల్లు చేరినవాడు మాత్రం మెరుగైన మనిషేమీ కాడు. దారిలో తనిఖీకి దొరికితే మొదటిసారి రూ.10,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ‘ఎవరికీ ఏమీ కాలేదుగా’ అని అతను గొణుక్కుంటే, కాకపోవడంలో అతని గొప్ప ఏమీ లేదన్నదే జవాబు.

బాధ్యత గొలుసు డ్రైవర్ దగ్గరే తెగిపోదు. తాగి నడిపే నేరానికి ప్రేరేపించినవారికి, తోడ్పడినవారికి కూడా అదే శిక్ష అని మోటారు వాహనాల చట్టం 188వ సెక్షన్ చెబుతోంది. ‘ఒక్క పెగ్గే కదా, పోనీలే’ అంటూ తన బండి తాళం తీసిచ్చిన మిత్రుడు ఆ సెక్షన్ గురించి బహుశా విని ఉండడు.