పందెపు పరుగు - అర్ధశక్తి నియమం

సర్దార్ పటేల్ జయంతియైన అక్టోబరు 31వ తేదీన ఏకతా పరుగు జరపడం 2014 నుండి దేశమంతటా ఆచారమైనది. మా తాడ్వాయి వంటి మండల కేంద్రాలలో కూడా ‘టూ కే రన్’ అన్న మాట తెలియని ఇల్లు నేడు లేదు. ఈ రెండు కిలోమీటర్ల పరుగును వినోదంగా భావించేవారు కొందరు, బహుమతి కొరకు పాల్గొనేవారు కొందరు. మూడవ వర్గమొకటి ఉన్నది. పోలీసు ఉద్యోగానికి సాధన చేసే యువతీ యువకులు వారు. “పంతులుగారూ, మావాడు రేపటి పందెంలో ఉరుకుతానంటున్నాడు. సాధనకు మంచిదేనా, ఒళ్లు చెడుతుందా?” అని తల్లిదండ్రులు నన్ను తరచుగా అడుగుతూ ఉంటారు. ప్రశ్న చిన్నదే గాని, దానికి ఆ ఇంటి ఆశలన్నీ ముడిపడి ఉంటవి. కనుక కొంత విపులంగా సమాధానం చెప్పవలసి ఉన్నది.

వ్యాయామానికి మన ఆచార్యులు విధించిన మొదటి హద్దు అర్ధశక్తి. తనకున్న బలంలో సగం మేరకే శ్రమించవలెనని వాగ్భటుని మతం. అదియును బలవంతులకు, స్నిగ్ధమైన ఆహారం భుజించేవారికి, చలికాలంలోను వసంతంలోను మాత్రమే. తక్కిన ఋతువులలో అంతకంటె తక్కువ. సగం బలమైనదని తెలిసేదెట్లు? హృదయస్థానమందలి వాయువు నోటికి చేరుట దాని గుర్తు అని సుశ్రుతుడు చెప్పినాడు. అనగా ముక్కుతో శ్వాస చాలక నోరు తెరవవలసి వచ్చిన క్షణం. నుదుట, చంకలలో, కీళ్లయందు చెమట పట్టుట, నోరెండుట అనునవి తక్కిన గుర్తులు. పరుగెత్తుతూ పక్కవానితో నాలుగు మాటలు తడబడకుండా మాట్లాడగలుగుతున్నారా, లేదా అని చూడమని నేటి వ్యాయామ శిక్షకులు చెప్పే పరీక్ష దీనికి దగ్గరి చుట్టమే. మా పిల్లలకు నేను వేమన పద్యం చెప్పమంటాను. పాదానికొక ఊపిరి చాలినంత కాలం వారు హద్దులోనే ఉన్నట్లు లెక్క.

ఇక చిక్కు ఇక్కడే ఉన్నది. పందెమన్నది సంపూర్ణశక్తిని కోరుతుంది, వ్యాయామమన్నది సగాన్నే అనుమతిస్తుంది. ఈ రెండింటికీ పొత్తు కుదిరేదెట్లు?

శక్తి స్థిరమైన కొలత కాదు. క్రమంగా సాధన చేసేవాని బలం పెరిగినకొద్దీ ఆ బలంలో సగమూ పెరుగుతుంది. గత మాసం రొప్పు తెప్పించిన వేగం ఈ మాసం తేలికగా తోచడం సాధకులందరికీ అనుభవమే. కనుక ఊరి పందెంలో పాల్గొనవచ్చును. అయితే గెలుపు కొరకు గాక, సాధనలో ఒక దినంగా మాత్రమే పాల్గొనవలెను. సంపూర్ణశక్తిని అసలు పరీక్ష దినానికి దాచుకొనవలెను.

లెక్కలోకి వత్తము. 2022లో వెలువడిన తెలంగాణ పోలీసు నియామక ప్రకటనల ప్రకారం పురుషులు 1600 మీటర్ల దూరాన్ని 7 నిమిషాల 15 సెకండ్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకండ్లలోను ముగించవలెను. పురుషులకు కిలోమీటరుకు ఇంచుమించు 4 నిమిషాల 32 సెకండ్లు, స్త్రీలకు 6 నిమిషాల 40 సెకండ్లు పడుతుందన్నమాట. ఇప్పటికే ఆ వేగానికి చేరువైన యువకుడు రెండు కిలోమీటర్ల పందెంలో మొదటి కిలోమీటరును 5 నిమిషాల 15 సెకండ్లకు తగ్గకుండా నింపాదిగా పరుగెత్తి, రెండవదానిని పరీక్షకు కావలసిన వేగంతో ముగించినచో చాలును. మొదట్లో పదిమంది దాటిపోతారు. పోనివ్వవలెను. డప్పులు, ఈలలు, చుట్టూ జనం ఉన్నప్పుడు మొదటి 400 మీటర్లలోనే బలమంతా వెచ్చించి, ఆ పైన పక్కటెముక క్రింద చేయి పెట్టుకొని నడిచేవారు ప్రతి పందెంలోను కనబడతారు. ఆ ఆవేశాన్ని అణచుకొనుటయే ఆనాటి అసలైన పాఠం. ఒంటరిగా పొలంగట్టు వెంట ఎన్ని దినాలు పరుగెత్తినా ఈ పాఠం రాదు. వేకువనే లేచుట, మలవిసర్జన సకాలంలో జరుగుట, గుంపులో నిలబడి తన వంతుకై వేచియుండుట, ఇవన్నీ కూడ అక్కడనే అలవడతవి.

అతిగా శ్రమించినచో దప్పిక, కాసశ్వాసలు, జ్వరం, వాంతి, రక్తపిత్తం మొదలగునవి కలుగునని గ్రంథాలు హెచ్చరించినవి. అక్టోబరు చివర మనకు శరదృతువు. వర్షాకాలంలో సంచితమైన పిత్తం ఎండకు ప్రకోపించే కాలమిది. ఉదయం చల్లగా ఉన్నదని మోసపోరాదు. ఎనిమిది దాటిన తరువాత మొదలయ్యే పందెంలో వేగం ఇంకొంత తగ్గించుకొనవలెను. మార్గశిరం ప్రవేశించి హేమంతం స్థిరపడిన పిదప సాధన పెంచుకొనవచ్చును.

ముందునాటి రాత్రి భోజనం పెందలాడే, తేలికగా ముగియవలెను. అజీర్ణమున్నవానికి వ్యాయామం నిషిద్ధం. పుల్లని త్రేన్పులతో లేచినవాడు ఆనాడు పరుగు మానుకొనుటే మేలు. సాయంకాలం గోరువెచ్చని నువ్వులనూనెతో పిక్కలకు, మోకాళ్లకు, అరికాళ్లకు మర్దన చేసుకొని వేడినీటి స్నానం చేసినచో నిద్ర బాగుగా పడుతుంది. ఇంటిలో తయారు చేసుకొనదగిన పానీయం ధాన్యక హిమం. 10 గ్రాముల ధనియాలను కచ్చాపచ్చాగా దంచి, 60 మిల్లీలీటర్ల నీటిలో రాత్రంతా నానవేసి, ఉదయం వడగట్టి పటికబెల్లం కలిపి, పరుగు ముగిసి శ్వాస కుదుటపడిన తరువాత కొద్దికొద్దిగా త్రాగవలెను. మధుమేహులు పటికబెల్లం వాడరాదు. ఒక గంట తరువాత మజ్జిగ కలిపిన రాగి అంబలి ఎంతో హితకరం. పందెం ముగియగానే పంచిపెట్టే చల్లని రంగునీళ్ల సీసాలను గూర్చి నేను వ్రాయకుండుటే మంచిది.

పరుగు మేలు చేసినదా, కీడు చేసినదా అన్నది మరునాడు తేలుతుంది. శరీరం తేలికగా ఉండుట, పని చేయ బుద్ధి పుట్టుట, జఠరాగ్ని ప్రజ్వలించుట సరియైన వ్యాయామ ఫలాలు. మరునాటి ఉదయం చక్కగా ఆకలి వేసినదా, విరేచనం సాఫీగా అయినదా, మెలకువ ఉత్సాహంతో వచ్చినదా అని తల్లి గమనించవలెను. చేతిగడియారం చూపిన సమయంకంటె నేను ఈ మూడింటినే నమ్ముతాను. ఆకలి మందగించి, పిక్కలు బిగిసి, నిద్ర చెడినచో రెండు మూడు దినాలు నడకతోనే సరిపెట్టవలెను. అసలు పరీక్షకు పది దినాల లోపల ఊరి పందెమున్నచో చూచుటకు వెళ్లవచ్చును గాని, పరుగెత్తరాదు.

కుమారునికి తోడుగా పరుగెత్తే తండ్రుల సంగతి వేరు. వాతపిత్త రోగులకు, బాలురకు, వృద్ధులకు వ్యాయామం తగదని శాస్త్రం. నలుబది దాటి, ఇంతకు మునుపు పరుగు అలవాటు లేనివారు వెనుకగా నడిచి రావచ్చును. రక్తపుపోటు, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు వైద్యపరీక్ష లేనిదే దిగరాదు. ఎదలో బరువు, ఎడమ చేతికో దవడకో ప్రాకే నొప్పి, చల్లని చెమట కనిపించినచో కషాయాలతో కాలయాపన చేయక 108కి ఫోను చేయవలెను.

మరొక్క మాట. ఆ దినాలలో మా వైపు రోడ్డు ప్రక్కనే మక్కలు ఆరబోసి ఉంటారు. గింజలమీద అడుగు జారి మడమ బెణికినచో ఇంటిలో వెంటనే నూనె పోసి గట్టిగా రుద్దుతారు. మొదటి దినం మర్దన కూడదు. చల్లని తడిబట్ట చుట్టి, కాలు దిండుమీద ఎత్తి ఉంచవలెను. వాపు తగ్గిన తరువాతనే నూనె, కాపడం. పాదం మోపి నాలుగడుగులు వేయలేకపోయినచో ఎముక చిట్లి ఉండవచ్చును, ఎక్సురే తీయించవలెను.