రిపోర్టు చూసే ముందు పిక్క చూడు

బిడ్డా,

కరోనా ఊపిరితిత్తుల జబ్బు గదా, నెత్తురెందుకు గడ్డకట్టిందని అడిగినవు. 2020లో నువ్వింకా బడిపిల్లవు. మీ జగిత్యాల మెడికల్ కాలేజీ మొదలైందే 2022లో. అందుకే విడమరిచి రాస్తున్న.

క్లాట్ అనగానే విర్కో చెప్పిన మూడు కారణాలు వల్లిస్తరు గదా: నాళం లోపొర దెబ్బతినుడు, ప్రవాహం మందగించుడు, నెత్తురుకే గడ్డకట్టే గుణం పెరుగుడు. కరోనాలో మూడూ ఒక్కసారే వచ్చినయి. వైరస్, దాని మీద ఒళ్లు చేసే యుద్ధం కలిసి లోపొరను గాయపరుస్తయి. కాలేయం ఫైబ్రినోజెన్‌ను ఎక్కువగా వదులుతది. దమ్ముతోని రోగి మంచం దిగడు. పిక్కలో పుట్టిన క్లాట్ తెగి ఊపిరితిత్తుల ధమనిలో అడ్డం పడొచ్చు. ఊపిరితిత్తుల సన్న నాళాల్లో అక్కడికక్కడే పుట్టేవీ ఉన్నయి.

ఇది కరోనా ఒక్కదాని గుణమే కాదు. ఫ్లూ నిర్ధారణైన మొదటి వారంలో గుండెపోటు ముప్పు ఆరు రెట్లని 2018లో కెనడాలోని ఒంటారియో పరిశోధకులు తేల్చిన్రు. సిరిసిల్లలో సాంచాల మధ్య నిలబడే నేతన్న, కోరుట్లలో చాట ఒళ్లో పెట్టుకొని పొద్దంతా బీడీలు చుట్టే అక్క, జ్వరం తగ్గినంక ఛాతీ బరువంటే గ్యాస్ గోలి ఇచ్చి పంపకు. ముందు ఈసీజీ తియ్యి.

కరోనా కాలంలో డి-డైమర్ కాగితం పట్టుకొని జనం మెడికల్ షాపులకు ఉరికిన్రు. క్లాట్ కరిగితే మిగిలే తునకలే డి-డైమర్. వయసు, గర్భం, ఆపరేషన్, ఏ ఇన్ఫెక్షనైనా దాన్ని పెంచుతయి. అనుమానం తక్కువున్న రోగిలో క్లాట్ లేదని చెప్పడానికే అది పనికొస్తది. పెరిగినంత మాత్రాన క్లాట్ ఉన్నట్టు కాదు.

మందు సంగతి ఇంకా చిత్రం. 2021లో వచ్చిన పరీక్షల్లో హెపారిన్ ఫుల్ డోసు ఆస్పత్రిలో మధ్యరకంగా ఉన్నోళ్లకు మేలు చేసింది, ఐసీయూ దాకా పోయినోళ్లకు చెయ్యలే. ఆస్పిరిన్‌ను రికవరీ ట్రయల్‌లో దాదాపు 15,000 మంది మీద చూస్తే మరణాలు తగ్గలే, రక్తస్రావం కొంచెం పెరిగింది. ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నదే వైద్యం. ఊరందరికీ ఒకే గోలి రాసుడు నాకు నచ్చదు.

గల్ఫ్ నుంచి విమానం దిగినోళ్లనైనా, జ్వరంతో వారం మంచాన పడ్డోళ్లనైనా రెండు కాళ్లూ విప్పి చూడు. మోకాలి కింది ఎముక బుడిపె నుంచి 10 సెంటీమీటర్ల దిగువన టేపుతో కొలువు. రెండింటికీ తేడా 3 సెంటీమీటర్లు దాటితే డాప్లర్ స్కాన్‌కు పంపు. అది అయ్యేదాకా ఇంట్లోవాళ్లను నూనె రాసి పిక్క పిసకనియ్యకు.

మీ తాత