వాస్టస్ లాటరాలిస్ – పసిపిల్లల టీకా తొడకే ఎందుకు?



టీకాల రోజున మా గదిలో తరచు వినిపించే మాట ఒకటుంది. "గింత చిన్న పిల్లకు తొడల సూదేంది సిస్టరమ్మా? పిర్రల వేస్తే కాదా?" దీనికి జవాబు ఒక లాటిన్ పేరులో ఉంది. ఈసారి పాఠంలో ఆ పేరు నేర్చుకుందాం: వాస్టస్ లాటరాలిస్.

పేరుకు అర్థం

లాటిన్ భాషలో వాస్టస్ అంటే చాలా పెద్దది. లాటరాలిస్ అంటే పక్కకు ఉన్నది. రెండూ కలిపితే "పక్కనున్న పెద్ద కండరం". మన తొడ ముందువైపు నాలుగు కండరాలు కలిసి మోకాలిని చాపుతాయి. వాటిలో అన్నిటికంటే పెద్దది ఇదే. ఇది తొడకు బయటివైపు ఉంటుంది. లోపలివైపు ఉన్నది వాస్టస్ మీడియాలిస్, మధ్యలో లోతుగా ఉన్నది వాస్టస్ ఇంటర్‌మీడియస్. అంటే పేరులోనే చోటు కూడా ఉన్నది.

కండరాన్ని ఇంగ్లీషులో మజిల్ అంటాం. ఆ మాట లాటిన్‌లోని మస్కులస్ నుంచి వచ్చింది. దానికి చిట్టెలుక అని అర్థం. చెయ్యి మడిచినప్పుడు చర్మం కింద కండ కదలడం ఎలుక కదిలినట్టు ఉంటుంది కదా!

లాటిన్ పేరు ఎందుకు?

మన పెద్దకొడప్‌గల్ వైపు మహారాష్ట్ర, కర్ణాటక రెండూ దగ్గరే. తెలుగువారు తొడ అంటారు, కన్నడంవారు తొడె అంటారు, మరాఠీవారు మాండీ, ఉర్దూవారు రాన్ అంటారు. ఏ మాట అన్నా తొడలో ముందువైపా, వెనుకవైపా, లోపలా, బయటా అన్నది తెలియదు. సూది వేసే చేతికి ఆ తేడా తెలియాలి. ఇటువంటి తికమక లేకుండా 1895లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో శరీర శాస్త్రవేత్తలు లాటిన్ పేర్ల పట్టిక ఒకటి ఆమోదించారు. తరువాత ఎన్నో సవరణలు జరిగి, 1998లో అంతర్జాతీయ పట్టిక వెలువడింది. అందువల్ల ఏ దేశపు నర్సయినా ఈ పేరు వినగానే ఒకే చోటు చూపిస్తుంది.

చోటు తప్పితే ఏమవుతుంది?

చాలా ఏళ్ళ క్రితం ఒక తల్లి తన బాబును చంకనెత్తుకొని వచ్చింది. జ్వరమొస్తే ఊళ్ళోనే పిరుదుకు సూది వేయించారట. మర్నాటి నుంచి బాబు పాదం పైకి లేవడం లేదు, కిందికి వేలాడుతోంది. నెలల తరబడి వ్యాయామం చేయించాం. నడిచాడు గాని, ఆ కాలు ఈడుస్తూనే నడిచాడు. "మరి ఎక్కడ వేయాలె సిస్టరమ్మా? నాకెవ్వరు చెప్పలే" అని ఆ తల్లి అడిగిన మాట నేను మరువలేదు. ఈ పాఠం రాయడానికి అదే కారణం.

పిరుదులోని కండరాలను గ్లూటియస్ కండరాలు అంటారు. వాటి అడుగునుంచి సయాటిక్ అనే లావు నరం కాలిలోకి దిగుతుంది. పసిపిల్లల్లో అక్కడి కండ ఇంకా పలుచగా ఉంటుంది, నరం దగ్గరగా ఉంటుంది. సూది గాని మందు గాని ఆ నరానికి తగిలితే పాదం పడిపోవచ్చు. వాస్టస్ లాటరాలిస్ పుట్టిన బిడ్డకు కూడా మందంగా ఉంటుంది. సూది వేసే చోట పెద్ద నరాలు, పెద్ద రక్తనాళాలు ఉండవు.

ఏ వయసులో ఎక్కడ?

ఇప్పటి ప్రభుత్వ పట్టిక ప్రకారం 6, 10, 14 వారాలకు ఇచ్చే పెంటావాలెంట్ టీకా, 16–24 నెలల మధ్య ఇచ్చే డీపీటీ బూస్టర్ తొడకే వేస్తారు. 5 ఏళ్ళు దాటాక ఇచ్చే డీపీటీ, 10, 16 ఏళ్ళకు ఇచ్చే టీడీ జబ్బకు వేస్తారు. అక్కడి కండరం డెల్టాయిడ్. గ్రీకు అక్షరం డెల్టాలాగా మూడు మూలలుగా ఉంటుంది గనుక ఆ పేరు. బీసీజీ మాత్రం కండలోకి కాదు, ఎడమ జబ్బ మీద చర్మంలోకే వేస్తారు.

తల్లులు గుర్తుంచుకోవలసినవి

1. బిడ్డ తొడను తుంటి నుంచి మోకాలి దాకా మూడు భాగాలు అనుకోండి. నడిమి భాగంలో, ముందువైపు కొంచెం బయటికి – అదీ చోటు.

2. టీకా సమయంలో బిడ్డ కాలు కదలకుండా పట్టుకోండి. తరువాత అరగంట అక్కడే కూర్చోండి.

3. సూది వేసిన చోట రుద్దవద్దు. పసుపు, సున్నం, నూనె రాయవద్దు. నొప్పి ఉంటే చల్లని తడిగుడ్డ వేయండి.

4. ప్రతి జ్వరానికీ సూది అడగవద్దు. చాలా జ్వరాలకు నోటి మందు చాలు. ఎవరైనా బిడ్డ పిరుదుకు సూది వేయబోతే "ఎందుకు? ఏ చోట?" అని అడగండి. అలా అడగడం తప్పు కాదు.

5. వాపు పెరుగుతున్నా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ కాలు కదపకపోయినా, పాదం వేలాడినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. రేపు చూద్దామని ఆగవద్దు.

లాటిన్ పేరు నోరు తిరగకపోయినా ఫరవాలేదు. ఆ చోటు మీద వేలు పెట్టి చూపగలిగితే చాలు. మీ ఇంటి కోడళ్ళకు, పొరుగు తల్లులకు కూడా చూపించండి.

– మీ నర్సింగ్ సూపరింటెండెంట్